షామ్‌బర్గ్ మీదుగా పది నిమిషాలు

మన తెలుగు సంఘం సావనీర్ కోసం షామ్‌బర్గ్ ప్రయాణం గురించి నాలుగు పేజీలు రాసిమ్మని సెక్రటరీ కిషోర్ గారు మెయిల్ చేశారు. పిల్లలు స్పేస్ టూరిస్టుతో మాట్లాడిన ఆనందం కనిపించాలండీ, కొంచెం సరదాగా రాయండి అని కింద ఒక లైను. సరదాగా రాయడం నావల్ల కాదు. మూడు వారాలైంది, ఆ హాలు గుర్తొస్తే ఇంకా ఒళ్ళు మండుతోంది. అందుకని జరిగింది జరిగినట్టు, టైములతో సహా రాస్తున్నాను. వేసుకుంటే వేసుకోండి, లేకపోతే మానేయండి.

నేను న్యూజెర్సీలో, పిస్కాటవేలో ఉంటాను. మందుల కంపెనీ ల్యాబ్‌లో, మెషీన్లు సరిగ్గా కొలుస్తున్నాయో లేదో చూసే ఉద్యోగం. కాలేజీలో పట్టిన హామ్ రేడియో పిచ్చి ఇక్కడికొచ్చాక కూడా వదల్లేదు. అంటే లైసెన్సు తీసుకుని, సొంత రేడియోతో లోకంలో ఎక్కడున్నవాళ్ళతోనైనా మాట్లాడే సరదా. స్పేస్ స్టేషన్‌లో కూడా అలాంటి రేడియో ఒకటుంది. అక్కడున్నవాళ్ళు వీలు చూసుకుని స్కూలు పిల్లలతో మాట్లాడుతుంటారు. మొన్న అక్టోబరులో అక్కడ ఒక టూరిస్టు ఉన్నాడు. సొంత డబ్బు పోసి, రష్యా రాకెట్‌లో సీటు కొనుక్కుని వెళ్ళిన వ్యాపారి. మన శనివారం తెలుగు బడుల పిల్లలతో మాట్లాడటానికి ఆయన ఒప్పుకున్నాడు. అన్ని ఊళ్ళ పిల్లలకీ పోటీ పెట్టి పది ప్రశ్నలు ఏరారు. వేదిక షికాగో పక్కన షామ్‌బర్గ్. రేడియో నడిపే పని నాకు అప్పజెప్పారు.

ఆ పదిమందిలో మా పక్క అపార్ట్‌మెంట్ మేఘన ఒకతి. పన్నెండేళ్ళు. మేఘనకి నత్తి. ప్రశ్నలు కాగితం మీద రాసి పంపమన్నారు కాబట్టి కమిటీకి ఆ సంగతి తెలీదు, తెలియాల్సిన అవసరమూ లేదు. ఈ ఏడాది స్కూలు తెరిచినప్పటినుంచీ మేఘన క్లాసులో ఒక్క మాట మాట్లాడలేదు. నలుగురి ముందూ నోరు తెరుస్తానని తనంతట తను అన్నది ఈ ఒక్కదానికే. వాళ్ళమ్మ సుధకి అదే వారం ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్, కదలడానికి లేదు. "అక్కా, నువ్వే తీసుకెళ్ళు. ఇది అడగకుండా తిరిగొచ్చిందంటే మళ్ళీ ఎక్కడా నోరు విప్పదు" అంది. సరేనన్నాను. మాటిచ్చాననే అనుకోండి.

మేఘన ప్రశ్న ఇది: "అక్కడ మిగతావాళ్ళందరూ పని చేస్తుంటారు, మీరొక్కరే టూరిస్టు. వాళ్ళకి అడ్డంగా ఉన్నానేమో అని మీకెప్పుడైనా అనిపిస్తుందా?"

మిగతా తొమ్మిదీ నాకు తెలుసు. తిండేమిటి, నిద్రెలా పోతారు, స్నానమెలా చేస్తారు. వాటిలో తప్పేం లేదు. కానీ ఇలాంటి ప్రశ్న వాటిలో లేదు. ఇంకో మాట, మేఘన మాటల్ని నేనిక్కడ తిన్నగానే రాస్తున్నాను. నత్తిని అక్షరాల్లో విరిచి చూపించే సరదా నాకు లేదు.

గురువారం మధ్యాహ్నం 12:50కి ఎడిసన్ స్టేషన్‌లో లోకల్ రైలెక్కాం. విమానంలో ఎందుకు వెళ్ళలేదని అడుగుతారేమో. పొడుగాటి అల్యూమినియం కడ్డీలు, ఒక మోటారు, పెట్టెడు వైర్లు. అవి పట్టుకుని నాలాంటి మొహం ఎయిర్‌పోర్టుకి వెళ్తే ఈ రోజుల్లో ఏమవుతుందో మీకు చెప్పాలా? రైల్లోనూ పూర్తిగా తప్పలేదు. న్యూయార్క్ స్టేషన్‌లో కుక్కని పట్టుకున్న పోలీసు ఆపి, గుడ్డలో చుట్టినవేంటన్నాడు. యాంటెన్నా అన్నాను. ఎవరితో మాట్లాడటానికని అడిగాడు. స్పేస్ స్టేషన్‌తో అన్నాను. నా మొహంలోకి కాసేపు చూసి, నవ్వి వదిలేశాడు. కుక్క మాత్రం నా పులిహోర డబ్బాని వదలడానికి ఒప్పుకోలేదు.

షికాగో రైలు 3:45కి బయల్దేరింది. కోచ్ సీటు ఒక్కొక్కరికి తొంభై డాలర్ల చిల్లర. మీలో ఎవరైనా ఈ రైలెక్కితే ఎడమవైపు కూర్చోండి, రెండు గంటలపాటు హడ్సన్ నది పక్కనే వస్తుంది. మేమూ ఎడమవైపే కూర్చున్నాం కానీ నది చూడలేదు, రిహార్సల్ చేసుకున్నాం. స్టేషన్ ఆకాశంలో ఒక అంచున లేచి ఇంకో అంచున మునిగేదాకా పది నిమిషాలు. శనివారం మనకి దొరికింది 11:42 నుంచి 11:52. ఒక్క క్షణం ముందూ లేదు, వెనకా లేదు. మళ్ళీ రమ్మంటే రాదు, వారం తిరిగేసరికి టూరిస్టు కిందికి దిగిపోతాడు. మామూలు పిల్లకి ప్రశ్నకి పదిహేను సెకన్లు చాలు. మేఘనకి నలభై పడుతోంది. పర్వాలేదు, తనకి నిండా నిమిషం పక్కన పెట్టాను. వెనక ఎవరూ నిలబడి తొందరపెట్టకుండా ఉంటారని తన పేరు పదోది, అంటే చివరిది చేసిందీ నేనే. ఆ తెలివి నాదే, ఎవరినీ అనడానికి లేదు.

బ్యాగ్‌లోంచి నా కాలి స్విచ్ తీసి చూపించాను. పాత కుట్టు మిషన్ పెడల్‌తో చేసుకున్నది. దాన్ని తొక్కితేనే మైకులో మాట పైకి వెళ్తుంది, కాలు తీస్తే పైవాళ్ళ మాట మనకి వినిపిస్తుంది. హాలు మైకు పాడైతే వాడుకోవడానికి పెడల్‌తో పనిలేకుండా, బటన్ నొక్కితే మాట పైకి పంపే స్పేర్ మైకు ఒకటి నా ఒళ్ళో ఉంటుంది. "ఎవరు ఎంత మాట్లాడాలో నా కాలి కింద ఉంది. నీ నిమిషం నేను కాపాడతాను" అన్నాను మేఘనతో. ఎంత ధీమాగా అన్నానో తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

శుక్రవారం పొద్దున ఏడింటికి డైనింగ్ కార్‌కి వెళ్ళాం. మా బల్లకి ఎదురుగా ఒహాయోలో ఎక్కిన పెద్దావిడ, షికాగోలో కూతురి దగ్గరికి వెళ్తోంది. ఎక్కడికమ్మా అని మేఘననే అడిగింది. మేఘన నోరు తెరిచింది. మాట ఇంకా బయటికి రాకముందే నేను అందుకుని స్పేస్ స్టేషనూ టూరిస్టూ కథంతా చెప్పేశాను. సాయం చేశాననుకున్నాను. అంత డబ్బే తన దగ్గరుంటే ముందు ఇంటి కప్పు మార్పించుకునేదాన్ని అని ఆవిడ నవ్వింది. మేఘన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. వెయిటర్ వస్తే గుడ్లు కావాలని చెప్పింది.

సీట్లోకి వచ్చాక, నిజానికి తనకి పాన్‌కేక్స్ ఇష్టమని బయటపడింది. ఆ మాట తొందరగా రాదట. "వెనకాల వాళ్ళు వెయిట్ చేస్తారు కదా ఆంటీ. ఏ మాట వస్తే అది తింటాను" అంది, మామూలు సంగతి చెప్పినట్టే. జాలిపడ్డాను. అంతకుముందు గంటలో ఆ నోటికి నేనే అడ్డుపడ్డానన్నది మాత్రం నా బుర్రకి తట్టలేదు.

రైలు ముప్పావుగంట లేటు, 10:30కి షికాగోలో దిగాం. అక్కడినుంచి లోకల్ రైల్లో షామ్‌బర్గ్ యాభై నిమిషాలు, టికెట్టు ఐదు డాలర్ల లోపే. కిషోర్ గారు వ్యాన్ తెచ్చారు. బస కూడా వాళ్ళింట్లోనే, గోంగూర పప్పుతో భోజనం. మధ్యాహ్నమంతా స్కూలు ఆడిటోరియం కప్పు మీద గాలికి వణుకుతూ యాంటెన్నా నిలబెట్టాం. సాయంత్రం కమిటీ మీటింగ్‌లో నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను, 11:30 నుంచి 11:55 దాకా వేదిక మీద పిల్లలు తప్ప ఇంకెవరూ ఉండకూడదని. ప్రెసిడెంట్ గారు చేతులు జోడించి, "తప్పకుండా అమ్మా, మీరెలా అంటే అలాగే" అన్నారు. ఆయన చెడ్డవాడేం కాదు. ఉద్యోగాలు పోయిన కుర్రాళ్ళని తన బేస్‌మెంట్‌లో నెలల తరబడి ఉంచుకుని అన్నం పెట్టిన మనిషి. ఆ సంగతి తెలుసు కాబట్టే నాకు ఇంకా మంట.

శనివారం పదిన్నరకి ప్రోగ్రాం అని కార్డులో వేశారు. పదిన్నరకి హాల్లో ఉన్నది నేనూ, పదిమంది పిల్లలూ, కుర్చీలు సర్దేవాళ్ళూ. 11:05కి జ్యోతి ప్రజ్వలన. అగ్గిపెట్టె లేదు. అగ్గిపెట్టె దొరికాక ఫైర్ అలారం మోగుతుందని స్కూలు మనిషి ఒప్పుకోలేదు, బ్యాటరీ దీపం వెతికారు. తర్వాత ప్రార్థనా గీతం, మూడు చరణాలూ. తర్వాత ముఖ్య అతిథి. 11:38కి నేను లేచి గడియారం చూపిస్తూ చెయ్యి ఊపితే, తనకి అభివాదం చేస్తున్నాననుకుని ఆయన తిరిగి చెయ్యి ఊపాడు. ఎలాగో దింపాం.

11:42కి పిలిచాను. జవాబు లేదు. మళ్ళీ పిలిచాను. 11:43కి గరగరలోంచి మనిషి గొంతు, పక్క గదిలోంచి అన్నంత స్పష్టంగా. మీ మాట బాగా వినిపిస్తోంది అన్నాడు టూరిస్టు. హాలంతా ఒక్కసారి ఊపిరి బిగపట్టింది. ఒప్పుకుంటాను, ఆ క్షణాన నాకూ కళ్ళు చెమర్చాయి. పిల్లలు వరసగా వచ్చి అడిగారు. ఒకటి, రెండు, మూడు. ఆయన కూడా చక్కగా, చిన్న చిన్న జవాబులే ఇచ్చాడు. 11:47కి అయిదు పూర్తయ్యాయి. లెక్క సరిపోయింది, మేఘన నిమిషం మేఘనకి ఉంది.

అప్పుడు ప్రెసిడెంట్ గారు లేచారు. ఆరో పిల్లవాడి చేతిలోంచి మైకు తీసుకుని, ఒక్క నిమిషం బాబూ అన్నారు. యావత్ తెలుగు జాతి తరఫున అంతరిక్షానికి శుభాకాంక్షలు. మన భాష ఎంత తీపిదో. సంఘం పుట్టి ఎన్నేళ్ళయిందో. భోజనాల స్పాన్సరు ఎవరో, సౌండు స్పాన్సరు ఎవరో. ఆ రెస్టారెంటు పేరు రెండుసార్లు చెప్పారు, పైవాడు దిగివచ్చి టిఫిన్ చేస్తాడన్నట్టు. నా కాలు పెడల్ మీదే ఉంది. తొక్కి ఉంచాను. పైన ఆ మనిషి ఒక్క మాట అనడానికి వీల్లేకుండా, కిందినుంచి ఆ ఉపన్యాసమంతా నేనే పంపించాను.

అక్కడితోనైనా ఆగారా? ఇంత మహత్కార్యం సాధించిన మన ఆడపడుచు అంటూ శాలువా పట్టుకుని నా బల్ల దగ్గరికే వచ్చారు. కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే కప్పారు. ఫోటోగ్రాఫరు లెన్సు సరిచేసుకుని, సార్ మీరు కెమెరా వైపు చూడలేదు, ఇంకోసారి అన్నాడు. శాలువా తీశారు. మళ్ళీ కప్పారు. నేను, కొలతలు సరిచూసే ఉద్యోగం చేసి బతికేదాన్ని, కెమెరా వైపు చూసి నవ్వాను కూడా. ఆ ఫోటో మీకు పంపే ఉంటారు, చూడండి. పళ్ళు కనిపిస్తాయి.

11:50. ఆరు, ఏడు, ఎనిమిది పరుగులు పెట్టించాం. తొమ్మిదో ప్రశ్నకి జవాబు సగంలో ఉండగా గొంతు గరగరలోకి జారిపోయింది. 11:52. మేఘన మైకు ముందుకొచ్చింది. స్పీకర్లోంచి ఉత్త హోరు. పిలిచాను, మళ్ళీ పిలిచాను. లేదు. స్టేషన్ అవతలి అంచున మునిగిపోయింది.

మేఘన వెళ్ళలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని ప్రశ్న మొదలుపెట్టింది. మొదటి మాట దగ్గర ఆగింది, అది దాటింది, రెండో మాట అందుకుంది. కార్యక్రమం అయిపోయిందనుకుని ప్రెసిడెంట్ గారు చప్పట్లు మొదలుపెట్టారు. హాలంతా అందుకుంది. భోజనాలు రెడీ, వరసలో రండి అని ఎవరో అరిచారు. కుర్చీలు కదులుతున్నాయి, బిర్యానీ వాసన వస్తోంది, జనమంతా మాకు వీపులు తిప్పి తలుపు వైపు నడుస్తున్నారు. ఆ గోలలో మేఘన ప్రశ్న చివరిదాకా అడిగింది. చివర్లో నేర్పినట్టే, మాట అయిపోయిందని చెప్పే ఓవర్ కూడా అంది. విన్నది నేనొక్కదాన్ని. నా కాలు ఇంకా పెడల్ మీదే ఉంది, పైకి పంపడానికి పైన ఎవరూ లేరు.

తర్వాత నేను ప్రెసిడెంట్ గారిని వెతుక్కుంటూ వెళ్ళి, పదో పాప మిగిలిపోయిందండీ అన్నాను. అయ్యో, సర్టిఫికెట్ ఉందిగా అమ్మా, అందరికీ ఇస్తున్నాం అన్నారు. ఇచ్చారు కూడా. అంతరిక్ష యాత్రికుడితో సంభాషించినందుకు అని బంగారు రంగు అక్షరాలు. మేఘన దాన్ని చదివి, ఆయనకే తిరిగి చాపింది. "అంకుల్, నేను మాట్లాడలేదు" అనబోయింది. సగంలోనే ఆయన, పర్లేదు తల్లీ ఉంచుకో అని దాని తల నిమిరి బిర్యానీ వరస సర్దడానికి వెళ్ళిపోయారు. మేఘన ఆ కాగితాన్ని జ్యోతి బల్ల మీద, బ్యాటరీ దీపం పక్కన పెట్టేసి వచ్చింది. ఒక పెద్దమనిషిని నలుగురిలో అనడానికి నాకు ఇప్పటికీ నోరు రాదు. ఇంట్లో పేజీలు పేజీలు రాయడానికి మాత్రం వస్తుంది.

సాయంత్రం 5:40 లోకల్ రైల్లో షికాగోకి బయల్దేరాం. నేను పళ్ళు కొరుకుతూ ప్రెసిడెంటునీ, ఫోటోగ్రాఫర్నీ, ముఖ్య అతిథినీ, కమిటీ మొత్తాన్నీ తిట్టిపోశాను. మేఘన అంతా విన్నది. విని అడిగింది.

"ఆంటీ, మీరు ఫుట్ ఎందుకు లిఫ్ట్ చేయలేదు?"

ఆయన పెద్దాయన కదమ్మా, అందరి ముందూ ఎలా ఆపేది అన్నాను.

"స్పేర్ మైక్ మీ ల్యాప్‌లోనే ఉంది."

ఉంది. నిజమే. కాలు తీసేసి ఆ మైకు పక్కనే నిలబడ్డ పిల్లల చేతికిస్తే సరిపోయేది. ఆయన తన ఉపన్యాసం హాలుకి చెప్పుకునేవారు, పైకి వెళ్ళడం లేదని ఆయనకి తెలిసేసరికి పిల్లల ప్రశ్నలు అయిపోయేవి. అదే నాకు ఆ క్షణంలో తోచలేదని రాసుకుంటే బాగుండేది. తోచింది. మైకు మీద చెయ్యి కూడా వేశాను. శాలువా కప్పుతుంటే ఆ చెయ్యి తీసి నమస్కారం పెట్టాను.

మేఘన ఇంకో మాట అంది. అది చెప్పడానికి రెండు స్టేషన్లు పట్టింది. "నేను లేట్ చేస్తే అందరూ హర్రీ అప్ అంటారు. ఆయనకి ఎవరూ అనరా?"

చెంప మీద కొట్టినా అంత నొప్పి పుట్టేది కాదు.

న్యూయార్క్ రైలు రాత్రి 9:35కి కదిలింది. అలిసిపోయి ఇద్దరం నిద్రపోయాం, చెప్పడానికేం లేదు. ఆదివారం పొద్దున ఈరీ స్టేషన్ దాటాక డైనింగ్ కార్‌కి వెళ్ళాం. జనం బాగా ఉన్నారు, తలుపు దగ్గర అయిదారుగురు బల్లల కోసం నిలబడి చూస్తున్నారు. వెయిటర్ భారీ మనిషి, పొద్దున్నుంచీ తిరిగి విసిగిపోయి ఉన్నాడు. నేను ఆమ్లెట్ చెప్పాను. తర్వాత మేఘన వైపు తిరిగాడు.

మేఘన మెనూ మూసేసింది. నా వైపు చూడలేదు. పెదాలు బిగించింది. ఆ మాటేంటో నాకు తెలుసు. నా నాలుక చివరిదాకా వచ్చింది, ఒక్కసారి అనేస్తే ఆ పిల్లకి ఈ అవస్థ తప్పుతుంది, వెనకవాళ్ళకి బల్ల దొరుకుతుంది, వెయిటర్ వెళ్ళిపోతాడు. నాలుక కరుచుకుని కూర్చున్నాను. బల్ల కింద నా కుడికాలు నేల మీద నొక్కుకుని ఉందని గమనించాను. పైకి ఎత్తాను. ఎత్తే ఉంచాను, పిచ్చిదానిలా. తలుపు దగ్గర ఒకాయన గట్టిగా నిట్టూర్చాడు. నేను తిరిగి ఆయన్ని చూసిన చూపుకి మళ్ళీ నిట్టూర్చలేదు. వెయిటర్ పెన్సిలు దించి, బల్ల అంచుకి తొడ ఆనించి నిలబడ్డాడు.

మాట వచ్చింది. మొత్తం వచ్చింది. సిరప్ ఎక్కువ కావాలని కూడా చెప్పింది.

కిషోర్ గారూ, ఇంటికి ఆదివారం రాత్రి 8:20కి చేరాం. ఆ శాలువాలో యాంటెన్నా కడ్డీలు చుట్టి పెట్టుకున్నాను, దానికి బాగా పనికొస్తోంది. ప్రెసిడెంట్ గారి మీద కోపం తగ్గలేదు, నా మీద అసలే తగ్గలేదు. ఈసారి ఎక్కడైనా ఇలాంటిది పెడితే రేడియోకి నన్నే పిలవండి, వస్తాను. కాలు ఎప్పుడు తీయాలో ఇప్పుడు నాకు తెలుసు.

ఇంత రాతలోనూ ప్రతిదానికీ టైము వేశాను. మేఘన ఆ ఒక్క మాట చెప్పడానికి ఎంతసేపు పట్టిందో మాత్రం వేయలేదు. చేతికి గడియారం ఉంది, నేను చూడలేదు. పాన్‌కేక్స్ మూడు వచ్చాయి, మూడూ తింది.